తొడ వెనక కండ

కుందేలయ్య రోజూ కొలను నీళ్లలో తన తొడల ముందు కండలను చూసుకుని మురిసిపోయేవాడు. కసరత్తంతా వాటికే.

“వెనక కండలను కూడా సాగదియ్యవయ్యా. మోకాలు ముడిచేవీ, తొడను వెనక్కి లాగి నిన్ను ముందుకు నెట్టేవీ అవే,” అంది కుందేలమ్మ.

“కనబడనివాటికి సేవలెందుకే?”

ఆ సాయంత్రం ఒక నక్క ఇద్దర్నీ తరిమింది. నాలుగు గెంతులకే తొడ వెనక పట్టేసి కుందేలయ్య కూలబడ్డాడు. కుందేలమ్మ నక్కకు అడ్డంగా దూకి, దాన్ని ముళ్లపొదల చుట్టూ తిప్పి తిప్పి అలసిపోయేలా చేసి, రొప్పుతూ తిరిగొచ్చింది. వచ్చీ రాగానే మొగుడి కాలు ఒళ్లోకి తీసుకుంది.

అతను కాలు పక్కకు జరుపుకున్నాడు. “ముందు నువ్వు బోర్లా పడుకో. పరుగెత్తింది నువ్వు.”

ఆమె తొడ వెనక తడుముతూ, “ఇక్కడేనా?” అన్నాడు.

“ఇంకాస్త కింద. గట్టిగా నొక్కవయ్యా! అంత పరుగుకే అరగని కండ, నీ చేతికి అరిగిపోతుందా?”