నాలుగో నమూనా

చీకటి పడ్డాక అంచెట్టి అడవి దారిలో జీపులో తిరిగివస్తుండగా పశువుల డాక్టరు ప్రవీణకు ల్యాబు నుంచి ఫోను వచ్చింది. చిరుత కరిచి చంపిందనుకున్న దూడ మెడ మీది గాట్లను దూదితో తుడిచి ల్యాబుకు పంపింది ఆమే.

"మేడమ్, కరిచిన చోట దొరికిన ఉమ్మి చిరుతది కాదు, మనిషిది. దాని డీఎన్ఏ మీ సిబ్బంది నమూనాల్లో నాలుగోదానితో అచ్చంగా సరిపోయింది. గ్లౌజుల్లేకుండా ఎవరైనా ముట్టుకున్నారా?"

"నాలుగోదా?" అంది ప్రవీణ.

పొరపాటున ఎవరి చెయ్యైనా తగిలితే తెలిసిపోవాలని ఆఫీసులో అందరి ఉమ్మీ ముందే తీసి ఇచ్చారు. నాలుగోది ఈ జీపు నడుపుతున్న వెంకటరమణప్పది. కానీ అతను ఆ వారమంతా సెలవులో ఉన్నాడు. దూడ దగ్గరికే రాలేదు.

"ఏమంటా ఉండారమ్మా?" అని అడిగాడతను.

"చిరుతేనంట, రమణప్పా," అందామె.

అతను తల ఊపాడు. కొంత దూరం పోయాక జీపు ఆపి, లైట్లు ఆర్పేశాడు. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయాక, చీకట్లో అతను పెదాలు తడుపుకోవడం ఆమెకు వినిపించింది.

"నాలుగోది నాదే కదమ్మా," అన్నాడు.