అరచేతి కింద ఫొటో

మా పెళ్లినాటి ఇన్‌స్టంట్ కెమెరాకి మళ్లీ ఫిల్ము వస్తోందని తెలిసి, ఒక డబ్బా కొన్నాను.

“పాత ఫిల్ములా కాదమ్మా, ఫొటో బయటికి రాగానే వెలుగు తగలకుండా మూసెయ్యాలి,” అన్నాడు కొట్టతను.

ఇంటికొచ్చాక డబ్బా చూసి మా ఆయన నోరెళ్లబెట్టాడు. “మళ్లీ చేస్తున్నారా! నాకు తెలియనే తెలియదే. ఇరవై ఏళ్లయింది దీన్ని ముట్టుకుని.”

నన్ను నవ్వమని మీట నొక్కాడు. ఫొటో బయటికొచ్చింది. కొట్టతను చెప్పిన జాగ్రత్త నేనింకా చెప్పనేలేదు. ఆయన చప్పున దాన్ని బోర్లించి, అరచేత్తో కప్పేశాడు.

“పావుగంట ఆగవే. ఇప్పుడే వెలుగు తగిలితే పాడైపోతుంది.”

గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు మహానుభావుడు.

“ఎవరి ఫొటోలు తీసి నేర్చుకున్నారండీ?”

ఆయన ఫొటో మీంచి చెయ్యి తియ్యలేదు.

పావుగంటకి బొమ్మ తేలింది. అందులో నేనింకా నవ్వుతూనే ఉన్నాను.