వీపు మీది పేరు

క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తూ శ్రీశైలం దాకా సైకిళ్ల మీద వెళ్లిన నలభై మంది తిరిగొస్తున్నారు. ఒక్కొక్కరి వీపుకు ఒక అట్ట, దాని మీద ఆ జబ్బుతో పోయిన తమ మనిషి పేరు. అట్టలన్నీ రాసింది యాకుత్‌పురాలో సైన్‌బోర్డులు రాసే ప్రేమ్‌రాజ్. తన అట్ట మీద భార్య పేరు రాసుకున్నాడు, స్వరూప అని.

టైరు పంక్చరై అతను వెనకబడ్డాడు. నగరం పొలిమేరలోని బార్కస్ చేరేసరికి చీకటి పడింది. వీధిలో కరెంటు లేదు, మనుషుల అలికిడి లేదు. ముందు ఒక సైకిల్ పోతూ కనిపిస్తే తోడు దొరికిందనుకున్నాడు.

"అన్నా, జర ఆగు! కలిసి పోదాం."

ఆ మనిషి తిరిగి చూడలేదు. ప్రేమ్‌రాజ్‌కు తన చైను చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించడం లేదు. గట్టిగా తొక్కి దగ్గరికి వెళ్లాడు. అతని లైటు ఆ వీపు మీద పడింది.

మున్నీ.

తన కూతురి పేరు. ఆ పేరు ఎందరికో ఉంటుంది. కానీ గుడి దీర్ఘం కొసను అలా మెలితిప్పేది తనొక్కడే. ఆ పేరు తను ఎవరికీ రాయలేదు.

బ్రేకు వేసి ఇంటికి ఫోన్ చేశాడు.

"బాపు, ఏడున్నవ్?" అంది మున్నీ.

"వస్తున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. మెడ కాడ చిన్న గడ్డ తగులుతుంది, గంతే. నొప్పి గిట్ల ఏం లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

ముందు పోతున్న సైకిల్ ఆగింది. ఆ మనిషి ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి తిరగకుండానే, ప్రేమ్‌రాజ్ కోసం ఎదురుచూస్తున్నాడు.