నీలం తిరిగిన కాగితం

"నాలిక ఎత్తు బావా... ఆఁ, అలాగే. మాటాడకు."

సుహాసిని అగ్గిపుల్లంత కాగితం ముక్కని ధనరాజ్ నాలుక కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. కాలువ గట్టు మీద పరుగు ముగించుకొచ్చి అతను అరుగు మీద కూలబడి ఉన్నాడు. బనీను ఒంటికి అతుక్కుపోయింది. జుట్టులోంచి జారిన తడి ముక్కు చివర బొట్టై వేలాడుతోంది.

కాగితం బయటికి తీసింది. నీలం!

"సూసినావా! ఈ రోజూ నీలమే!" పెరట్లో కోళ్ళు బెదిరిపోయేలా చప్పట్లు కొట్టింది.

గోధుమ రంగు వస్తే ఒంట్లో నీరు ఇంకిపోయినట్టు. నీలం వస్తే సరిపడా ఉన్నట్టు. విశాఖలో ఆటగాళ్ళకి పరీక్షలు చేసేచోట పనిచేస్తున్న ఉష, డిగ్రీ స్నేహితురాలు, ఆ కాగితాలు పంపింది. పరుగు నుంచి రాగానే, గుక్కెడు నీళ్ళయినా తాగకముందే పెట్టాలని గట్టిగా చెప్పింది.

నిరుడు కానిస్టేబుల్ పరుగులో ఆఖరి చుట్టు దగ్గర ధనరాజ్ నోరెండిపోయి కుప్పకూలాడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఆ పరుగు రేపే.

పెళ్ళైన కొత్తలో ఓ ఉదయం, ఇలాగే పరిగెత్తి వచ్చిన మొగుడి చెమట నుదుటి మీద ఎవరూ చూడకుండా ముద్దు పెట్టి, "మా నౌపడ ఉప్పు మీ రాజాంలోనూ దొరుకుతాదే!" అని పడీపడీ నవ్వింది ఉప్పుమళ్ళ ఊళ్ళో పుట్టిన సుహాసిని. అప్పుడు అతనూ నవ్వాడు. ఇప్పుడు నవ్వు మానేశాడు. అన్నం కెలికి లేచిపోతాడు. పరుగు మాటెత్తితే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పాపం, అలసట అనుకుంటుంది.

వీధిలోంచి వచ్చిన మావ జగన్నాధం కొడుకు వైపు చూడకుండానే అడిగాడు.

"ఏటమ్మా, ఈపాలైనా గీత దాటుతాడా, మళ్ళీ మంచం మీదేసుకుని మొయ్యాలా?"

"దాటుతాడు మావా! ఇదిగో సూడు, నీలం!"

"ఆ రంగులు నాకేటి తెలుస్తాయి? మళ్ళీ అలాగయితే మాత్రం నేనింక ఊళ్ళో తలెత్తుకు తిరగలేను."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ధనరాజ్ తల ఇంకాస్త వాలిపోయింది.

సుహాసిని కింద కూర్చుని అతని బూట్లు విప్పింది. ఇన్నాళ్ళ పరుగుకీ అడుగు అరగనే లేదు. ఏరికోరి తనే కొన్నందుకు మురిసిపోయింది. అదే ఊపులో ఉషకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"ఒసే, ఒక్కసారీ గోధుమ రంగు రానేదే! అంతా నా మజ్జిగ మహిమ!"

"ఒక్కసారీ రానేదా? పరిగెత్తినోళ్ళకి కాస్తయినా మారాల కదే. సెమట పడతన్నాదా?"

"పడ్డమేటి! బనీను పిండితే సెంబుడు వస్తాది."

"అయితే ఉప్పు కూడా పోతాది. మజ్జిగలో రవ్వంత ఎక్కువెయ్యి."

ధనరాజ్ తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. సుహాసిని ఫోన్ పెట్టేసి, ఆ చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. అతను తాగలేదు.

"సుహా... ఆ గీత తలుసుకుంటేనే నా నోరు ఎండిపోతన్నాదే."

"నోరు ఎండితే కాగితం సెప్పదేటి? నువ్వు అబద్ధమాడినా నీ ఉమ్మి ఆడదు బావా."

అతను గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

"నీకో మాట సెప్పాల."

"రేపు గెలిసొచ్చి సెప్పు."

"అది కాదే. నేను..."

"ఇంకేటీ సెప్పకు. అపశకునం మాటలు నేనిననంతే!"

అతని కళ్ళు నిండాయి. రేపు ఆ గీత అవతల తనే నిలబడి ఈలేస్తానని, తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని ఊరంతా వినేలా అరుస్తానని చెప్పింది. అతను ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, మునిగిపోయేవాడు పట్టుకున్నట్టు.

"ఏటి బావా, సంటోడిలాగ!"

వీధి అటూ ఇటూ చూసి, వంగి, బొట్లు బొట్లుగా తడిసి ఉన్న అతని నుదుటి మీద పెదవులు ఆనించింది. నౌపడ ఉప్పు మాట అనడానికి నవ్వుతూ పెదవులు తడుపుకుంది.

ఆ తడిలో ఉప్పు లేదు.