తొమ్మిది రోజుల పాలు

"వాడుక ఎందుకు మాన్పించారు బాబూ? నా పాలలో ఏం లోపం వచ్చింది?" పాలావిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

పైలట్ చూపు తప్పించాడు. సరిహద్దు అవతల పొరుగు దేశం అణుబాంబు పేల్చి చూసుకున్న మర్నాడు, విమానంలో వెళ్లి గాలిని వడగట్టి తెచ్చింది అతనే. వడపోత కాగితం మీద విషధూళి తేలింది. అది ఈ ఊరి గడ్డి మీదా రాలుతోందన్నారు. బయట పొక్కనివ్వద్దని పైనుంచి ఆజ్ఞ. అతను నోరు కుట్టేసుకున్నాడు. తనింట్లో మాత్రం పాలు మాన్పించాడు.

"లోపమేం లేదమ్మా. పాప తాగనని మారాం చేస్తోంది."

"పోన్లెండి, మీ వాటా వృథా పోలేదు. నా మనవరాలికి పోస్తున్నా. రెండు పూటలా గటగటా తాగేస్తోంది!"

ఆమె నవ్వు చూసేసరికి అతను గుమ్మం దాటి ఆమె దగ్గరకొచ్చాడు.

"ఇక పొయ్యకమ్మా. గడ్డి మీద బాంబు ధూళి పడింది. ఆ పాలు పిల్లలకి మంచివి కావు."

"మీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిది రోజులైంది."

ఆమె తిట్టలేదు. లోపల ఆడుకుంటున్న అతని కూతురి వైపు ఒకసారి చూసి, ఇంటికి పరుగెత్తింది.

ఆమె పాలు పోసే ఇళ్లు ఆ వీధిలో ఇంకా పదకొండున్నాయి. అతను తల దించుకునే వెళ్లి పక్కింటి తలుపు తట్టాడు.