ఎర్రన్న పెళ్ళి వీడియో

చీపురుపల్లిలో మాది పెళ్ళి వీడియోల స్టూడియో. వీడియోలన్నీ ఒకే సర్వర్ పెట్టెలో ఉంటాయి, మా కంప్యూటర్లన్నీ దానిమీదే బతకాలి. సాయంత్రం సాలూరు లారీల షావుకారు కూతురి రిసెప్షన్. వీడియో తెరమీద పడి తీరాలి. పెట్టేమో నత్తలా నడుస్తోంది.

"ఏటే ప్రిస్కిల్లా, పెట్టికి పచ్చవాతమొచ్చిందేటి?" అన్నాను.

మా స్టూడియోలో కంప్యూటర్లు చూసుకునే పిల్ల అది. వైర్లు మార్చింది, స్విచ్చి మార్చింది. చివరికి తెర చూసి పట్టేసింది.

"మన తప్పు కాదు బాబాయ్. కళింగపట్నం ఎర్రన్నకి పెళ్ళి వీడియో లింకిచ్చాం కదా, పొద్దుట్నుంచి బయటోళ్ళు ఒకేసారి బోల్డంతమంది దాన్నే సూస్తన్నారు. ఆ లింకు ఆపేస్తే మనది పరిగెడతాది."

"ఆపేయ్! ఆ పీతమొహంలో అంతమంది సూడ్డానికి ఏటుందే?"

ముందు వాణ్ణే నాలుగు తిడదామని ఫోన్ చేశాను. ఎత్తింది వాడి మావగారు.

"సంద్రంలో ఆడి పడవ తిరగబడిపోనాది బాబూ. ఈయేల ఆడి దినం. శవమే దొరకలేదు, కడసూపు నేకపోనాది. అందుకే ఊరందరం మీ వీడియోలో సూసుకుంతన్నాం. మజ్జలో ఆగిపోతన్నాడు బాబూ, కాస్త సూడండి."

లింకు ఆపొద్దని ప్రిస్కిల్లాకి సైగ చేసి, ఫోన్ చెవినే పెట్టుకుని లేచాను. మా కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే ఆపేశాను.

"సాలూరోళ్ళకేటి సెప్పాలి బాబాయ్?" అంది ప్రిస్కిల్లా.

ఫోన్లోనే అడిగాను. "ఇప్పుడెలాగుంది మావా?"

"ఆగట్లేదు బాబూ," అన్నాడాయన. "నవ్వుతన్నాడు."