మూసుకుపోయిన గొట్టం

వైట్‌ఫీల్డ్‌లోని ఆ ఫ్లాట్‌లో బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ వేడెక్కి ఆగిపోతోందంటే మెకానిక్ ఓబులేష్ వచ్చాడు. యజమానురాలు పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉంది. ఆ ఇంట్లోనే ఉండి ఇంటిపని చేసే మునిలక్ష్మి అతనికి మిషన్ చూపించింది.

వేడిగాలి బయటికి పోయే గొట్టం విప్పితే, లోపల కుక్కిన పాత చీర ముక్క బయటపడింది.

"గాలి పోకుంటే నిప్పంటుకుంటాదమ్మా. దీన్ని ఎవరు కుక్కినారు?"

"నేనేనప్పా," అందామె మెల్లగా. "మిషన్ చెడిపోతే తప్ప ఈ ఇంటికి ఎవరూ రారు. నన్ను గడప దాటనీరు. నా ఫోను లాక్కొని రెండు నెలలయింది. ఈ పక్కనే వర్తూరులో మా అక్క ఉండాది."

ఓబులేష్ గొట్టం శుభ్రం చేసి బిగించాడు. డ్రయ్యర్ ఆన్ చేసి, ఆ చప్పుడులో తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు.